లారీ ఇంజను విడిచే ఊపిరి

పాత లారీ ఒకటి రహదారి పక్కన నిలిచి ఉన్నప్పుడు వంగి చూస్తే, ఇంజను పక్క నుండి నేలవైపు దిగిన సన్నని గొట్టం ఒకటి కనిపిస్తుంది. దాని కొన నల్లగా, జిడ్డుగా ఉంటుంది. ఇంజను తిరుగుతున్నంతసేపు అందులో నుండి పలుచని పొగ వెలువడుతూ ఉంటుంది. అప్పుడప్పుడు ఒక నూనె చుక్క నేలమీద రాలుతుంది. పొగగొట్టం వేరుగా ఉన్నది కదా, ఈ రెండవ పొగ ఎక్కడిదని తెలియనివారికి సందేహం కలుగుతుంది. మన మెకానిక్కులు ఈ గొట్టాన్ని బ్రీదరు అంటారు. ఇంజను ఊపిరి విడిచే ద్వారమని దాని భావం.

ఈ ఊపిరిని ఎటు పంపవలెనన్న ప్రశ్నకు దాదాపు నూరేండ్ల చరిత్ర ఉన్నది. అమెరికాలో డీజిలు ట్రక్కులు గలవారు కొందరు నేటికీ ఈ గొట్టాన్ని కర్మాగారం అమర్చిన చోటు నుండి ఊడదీసి మరొక దిక్కుకు త్రిప్పుతూ ఉంటారు. అది కూడదని అక్కడి ప్రభుత్వం అంటుంది. రెండు పక్షాల మాటలోనూ కొంత న్యాయం ఉన్నది. ఆ తగవు అర్థం కావాలంటే ముందుగా ఇంజను లోపలికి తొంగి చూడవలసి ఉన్నది.

జర్మనీ దేశీయుడైన రుడాల్ఫ్ డీజిల్ తన యంత్రానికి 1892లో పేటెంటు కోరినాడు. ఆగ్స్‌బర్గు నగరంలో 1897 నాటికి అది చక్కగా పనిచేయసాగినది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ మంట పుట్టిస్తుంది. డీజిలు ఇంజనుకు ఆ రవ్వ అక్కరలేదు. గాలిని సుమారు పదహారవ వంతుకు అణచివేస్తే అది 500 డిగ్రీలకు మించిన వేడి పొందుతుంది. ఆ వేడిగాలిలోనికి నూనెను తుంపరగా చిమ్మితే తనంతట అదే అంటుకుంటుంది. ఆ మంట పిస్టనును క్రిందికి నెడుతుంది. పిస్టనుకూ సిలిండరు గోడకూ నడుమ సందు ఉండక తప్పదు. ఆ సందును మూయడానికి పిస్టను చుట్టూ ఉక్కు రింగులు తొడుగుతారు. రింగులు ఎంత బిగువుగా ఉన్నా, అంత ఒత్తిడిలో మండిన వాయువులు కొంచెమైనా వాటిని దాటి క్రిందికి జారకుండా ఉండవు.

పిస్టనుల క్రింద క్రాంకు అనే వంకర ఇరుసు తిరిగే గది ఉన్నది. దానిని క్రాంకు కేసు అంటారు. దాని అడుగున ఇంజను ఆయిలు నిలువ ఉంటుంది. జారివచ్చిన వాయువులు చేరేది ఈ గదిలోనికే. మన షెడ్డులలో దీనిని బ్యాక్ కంప్రెషను అనే మాటతో చెప్పుకుంటారు. ఆయిలు పోసే మూత తీసి, అక్కడ ఎగజిమ్మే పొగను చూసి, ఇంజను బోరుకు వచ్చినదో లేదో అనుభవశాలి అయిన మెకానిక్కు ఇట్టే చెప్పగలడు. కొత్త ఇంజనులో ఈ జారుడు స్వల్పం. పాతబడి రింగులు అరిగినకొద్దీ అది పెరుగుతూ పోతుంది.

ఈ వాయువులు లోపలనే నిలిచిపోతే వచ్చే చేటు చిన్నది కాదు. వాటిలో మసి ఉన్నది, నీటి ఆవిరి ఉన్నది. ఒక లీటరు డీజిలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుందంటే కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును. దానిలో అధికభాగం పొగగొట్టం వెంట పోయినా, కొంత క్రాంకు కేసులో చేరి, చల్లబడి, ఆయిలుతో కలసి బురదగా మారుతుంది. ఇంధనంలోని గంధకం ఆ నీటితో కలసి ఆమ్లమై బేరింగులను తింటుంది. అన్నిటికన్న ముఖ్యంగా ఒత్తిడి పెరుగుతుంది. ఉడికే గిన్నె మీద మూత గట్టిగా బిగిస్తే ఆవిరి ఏదో ఒక సందు వెదకుకున్నట్లే, ఈ వాయువు ఆయిలు సీళ్ళను నెట్టుకొని బయట పడుతుంది. దానితో పాటు ఆయిలూ కారిపోతుంది. కాబట్టి ఇంజనుకు ఊపిరి విడిచే దారి ఒకటి ఉండి తీరవలెను. ఆ దారి ఎక్కడికి తెరువవలెనన్నదే అసలు సమస్య.

తొలినాటి ఇంజినీర్లకు ఈ సమస్య సమస్యగా తోచలేదు. డీజిలు ఇంజను బరువు తగ్గి లారీ మీదికి ఎక్కినది 1923, 1924 సంవత్సరాలలో. బెంజి, మాన్ అనే జర్మను సంస్థలు ఆ పని చేసినవి. అదే దశాబ్దంలో కార్లకూ లారీలకూ క్రిందికి వ్రేలాడే గొట్టం ఒకటి వాడుకలోనికి వచ్చినది. దాని అమరిక తెలివైనది. గొట్టపు కొనను ఏటవాలుగా కోసి, నోరు వెనుకవైపు ఉండేటట్లు బిగిస్తారు. బండి ముందుకు పోతూ ఉంటే క్రింద వీచే గాలి ఆ నోటివద్ద కొంత ఖాళీని కల్పిస్తుంది. ఆ ఖాళీ లోపలి వాయువులను బయటికి లాగుతుంది. కదిలే భాగాలు లేవు, ఖర్చు లేదు. బండి వేగం అందుకుంటేనే అది బాగా పనిచేస్తుంది; నిలిచి ఉన్నప్పుడు లాగే శక్తి ఉండదు. అయినా అప్పటి అవసరానికి అది చాలినది. బయటికి వచ్చిన పొగ ఏమవుతున్నదని ఎవరూ అడుగలేదు. ఆకాశం పెద్దది, పొగ చిన్నది.

మొదటి మార్పు యుద్ధం మూలంగా వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు వాగులూ నదులూ దాటవలసి వచ్చినప్పుడు, క్రిందికి వ్రేలాడే గొట్టం నీట మునిగేది. నీరు ఆ దారిన ఇంజనులోనికి ఎక్కే ప్రమాదం ఉన్నది. అందుచేత గొట్టాన్ని క్రిందికి గాక పైకి త్రిప్పి, ఇంజను గాలి పీల్చుకునే దారిలోనికి కలిపినారు. ఇంజను తాను విడిచిన ఊపిరిని తానే మళ్ళీ పీల్చుకొని, మంటలో కాల్చివేస్తుంది. గాలి శుభ్రత ఎవరి మనసులోనూ లేదు. నీరు లోపలికి రాకుండుటే లక్ష్యం. తరువాతి కాలపు కార్లన్నిటికీ మార్గదర్శకమైన ఏర్పాటు ఆ విధంగా పుట్టినది.

ఆయిలుతో నిండిన ఈ పొగ ఎంతటి పదార్థమో లోకానికి తెలిపిన దుర్ఘటన యుద్ధం ముగిసిన రెండేండ్లకు సముద్రం మీద జరిగినది. రైనా డెల్ పసిఫికో అనే పెద్ద డీజిలు ఓడ యుద్ధకాలంలో సైనికులను మోసి, మరమ్మతు పొంది, 1947 సెప్టెంబరు 11న ఐర్లండు తీరంలో పరీక్షగా నడుస్తున్నది. ఒక పిస్టను మితిమీరి వేడెక్కినది. కాలిన లోహం తాకిన ఆయిలు ఆవిరై, చుట్టూ ఉన్న చల్లని చోట మరల మంచువంటి తుంపరగా మారుతుంది. ఆ తుంపర గాలితో తగుపాళ్ళలో కలిస్తే పేలుడు మందుతో సమానం. ఆనాడు క్రాంకు కేసులు పేలి ఇంజను గదిలో 28 మంది మరణించినారు. ఆ తరువాత జరిగిన పరిశోధనల ఫలితంగా ఓడ ఇంజనుల క్రాంకు కేసులకు ఒత్తిడి పెరిగితే తెరుచుకొని వెంటనే మూసుకునే తలుపులూ, లోపలి తుంపరను కనిపెట్టి హెచ్చరించే సాధనాలూ ఏర్పడినవి. లారీ ఇంజనులోని గది చిన్నది. అంతటి పేలుడుకు అక్కడ అవకాశం తక్కువ. కాని ఆ గదిలోని పొగ వట్టి గాలి కాదనీ, అందులో మండే ఆయిలు ఉన్నదనీ మనం జ్ఞాపకం ఉంచుకోవలెను. మున్ముందు ఈ విషయం మరల వస్తుంది.

ఇక నేలమీది కథకు వద్దాం. అమెరికా పడమటి తీరంలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని 1943 జూలై 26న దట్టమైన మసకపొగ కమ్మివేసినది. కళ్ళు మండినవి, గొంతులు ఒరుసుకుపోయినవి. యుద్ధకాలం కనుక శత్రువులు విషవాయువు వదలినారేమోనని కూడా కొందరు భయపడినారు. నగరంలోని కృత్రిమ రబ్బరు సామగ్రి కర్మాగారం ఒకటి దీనికి కారణమని జనం భావించినారు. దానిని మూసినా పొగ పోలేదు. పర్వతాల నడుమ గిన్నెవలె ఉన్న ఆ నగరంలో, ఎండకాచే రోజులలో, పొగమంచు రావడం పరిపాటి అయినది.

దాని మర్మాన్ని విప్పినవాడు హాగెన్‌స్మిట్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు. హాలెండులో 1900లో పుట్టి, కాలిఫోర్నియాలోని కాల్టెక్ విద్యాసంస్థలో ఆచార్యుడైన ఈయన అప్పటిదాకా అనాసపండు వాసనను పరిశోధిస్తున్నాడు. పండు వాసనను చల్లబరచి పట్టే సాధనంతోనే ఆయన నగరపు గాలిని పట్టి చూసినాడు. కాలని ఇంధనపు ఆవిరులూ, నత్రజని ఆక్సైడులూ సూర్యకాంతిలో కలసి ఓజోను మొదలైన ఘాటు పదార్థాలుగా మారుతున్నవని 1950 తరువాతి రెండేండ్లలో ఆయన నిరూపించినాడు. ఆ ఆవిరులు నూనె శుద్ధి కర్మాగారాల నుండీ, నగర వీథులలో తిరిగే లక్షల మోటారు వాహనాల నుండీ వస్తున్నవి. తమ తప్పు లేదని అనుకుంటున్న ప్రతి కారు యజమానీ ఆ మసకకు కొంత చేర్చుతున్నాడని తేలినది.

కౌంటీ పరిపాలకులలో ఒకరైన కెనెత్ హాన్ 1953 నుండి కార్ల కంపెనీల అధిపతులకు లేఖల మీద లేఖలు వ్రాసినాడు. కార్లు విడిచే ఆవిరులు ఆకాశంలో త్వరగా చెదరిపోతవనీ, వాటితో బాధ లేదనీ ఫోర్డు కంపెనీ నుండి ఆ ఏడాది ఆయనకు సమాధానం వచ్చినది. క్రిందికి వ్రేలాడే గొట్టం వెనుక ఉన్న నమ్మకమే ఆ సమాధానంలోనూ ఉన్నది. బయటికి పంపితే చాలు, అది ఇక మనది కాదు.

కాని లెక్కలు వేరుగా తేలినవి. కారు బయటికి విడిచే ఇంధనపు ఆవిరులలో అయిదవ వంతు నుండి నాలుగవ వంతు వరకు పొగగొట్టం నుండి గాక క్రాంకు కేసు గొట్టం నుండే వస్తున్నవి. వాటిని ఆపడానికి కొత్త కల్పనలు అక్కరలేదు. యుద్ధకాలపు ట్యాంకులలో పరీక్షకు నిలిచిన ఏర్పాటు సిద్ధంగా ఉన్నది. కాలిఫోర్నియా ప్రభుత్వం 1961లో ఈ సాధనాన్ని నిర్బంధం చేయడానికి నిశ్చయించినది. 1963 నాటి కొత్త కార్లకు అది వర్తించినది. ఆ ఏటి మోడలు మొదలుకొని దేశమంతటా కూడా కార్లకు దీనిని అమర్చసాగినారు. మోటారు వాహనాల కాలుష్యాన్ని అరికట్టడానికి చట్టం నిర్దేశించిన తొలి సాధనం పొగగొట్టానికి సంబంధించినది కాదు; ఇంజను పక్కనున్న ఈ చిన్న గొట్టానికి సంబంధించినది.

ఈ కథకు ఒక అనుబంధం ఉన్నది. అమెరికా కేంద్ర ప్రభుత్వ న్యాయశాఖ 1969 జనవరిలో నాలుగు పెద్ద కార్ల కంపెనీల మీదా, వారి సంఘం మీదా వ్యాజ్యం వేసినది. కాలుష్య నివారణ సాధనాల విషయంలో వారు పోటీపడకుండా కుమ్మక్కైనారనీ, క్రాంకు కేసు సాధనాన్ని దేశమంతటా 1962లోనే అమర్చగలిగి ఉండి కూడా ఒక ఏడు జాప్యం చేసినారనీ అందులో అభియోగం. నేరం ఒప్పుకోకుండానే కంపెనీలు అదే ఏడు రాజీకి వచ్చి, ఇకముందు అటువంటి ఒడంబడికలు చేసుకోమని అంగీకరించినవి.

ఇంతవరకు చెప్పినది పెట్రోలు కార్ల సంగతి. డీజిలు లారీలను ఈ చట్టాలు చాలా కాలం తాకలేదు. దానికి శాస్త్రీయమైన కారణం ఉన్నది. పెట్రోలు ఇంజను ఇంధనమూ గాలీ కలిపి అణచుతుంది. రింగుల సందున జారేది చాలావరకు కాలని పెట్రోలే. డీజిలు ఇంజను వట్టి గాలిని మాత్రమే అణచి, చివరి క్షణంలో ఇంధనం చిమ్ముతుంది. అందుచేత దాని క్రాంకు కేసులో ఇంధనపు ఆవిరి తక్కువ. రెండవ కారణం కూడా ఉన్నది. పెట్రోలు ఇంజను గాలిదారిలో తలుపువంటి థ్రాటిలు ఉండి, దాని వెనుక సహజంగా పీల్చే శక్తి పుడుతుంది. పాతకాలపు డీజిలుకు ఆ తలుపు లేదు, కాబట్టి ఆ పీల్చుడూ లేదు. గొట్టాన్ని గాలిదారికి కలపడం అంత తేలిక కాలేదు.

టర్బో వచ్చిన తరువాత పరిస్థితి మారినది. పొగగొట్టపు వాయువుల బలంతో తిరిగే ఈ చక్రం ఇంజనులోనికి గాలిని ఒత్తిడితో నెడుతుంది. దాని ముందుభాగాన గాలి బలంగా పీల్చబడుతుంది. బ్రీదరు గొట్టాన్ని అక్కడ కలిపితే క్రాంకు కేసు చక్కగా ఖాళీ అవుతుంది. అమెరికాలో ఇంటిపనికీ పొలంపనికీ వాడే పికప్పు ట్రక్కులలో డీజిలు ఇంజను ప్రాబల్యం 1989 తరువాత పెరిగినది. ఆ ఏటి మోడలుగా డాడ్జి ట్రక్కులో వచ్చిన కమిన్స్ ఇంజను తన ఊపిరిని పాతపద్ధతిలో క్రిందికే విడిచేది. 1994 నుండి ఫోర్డు ట్రక్కులలో వచ్చిన 7.3 లీటర్ల పవర్ స్ట్రోకు ఇంజను తన ఊపిరిని టర్బో ముందున్న గాలిదారిలోనికి పంపుకునేది. ఒకే రహదారి మీద, ఒకే కాలంలో, ఒకే ప్రశ్నకు రెండు సమాధానాలు పక్కపక్కన పరుగెత్తినవి.

రెండవ పద్ధతిలో చిక్కు ఎక్కడ వచ్చినదో చూడండి. పొగతోపాటు ఆయిలు తుంపర కూడా టర్బోలోనికి పోతుంది. వేడెక్కిన టర్బో రెక్కల మీద అది కాలి పెచ్చుగా అంటుకుంటుంది. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు లోపల జిడ్డు పూతగా పేరుకుంటుంది. రబ్బరు గొట్టాలు ఆయిలుకు నానిపోతవి. 2002 తరువాత పొగగొట్టపు వాయువును కొంత మళ్ళీ ఇంజనులోనికి త్రిప్పే పద్ధతి కూడా ఇటువంటి ట్రక్కులలో ప్రవేశించినది. ఆ మసీ, ఈ జిడ్డూ గాలిదారిలో కలసి తారువంటి పదార్థంగా మారినవి. ట్రక్కు యజమాని గొట్టం విప్పి చూసి, చేతికి అంటిన జిడ్డును చూసి విసుగు చెందినాడంటే అతనిని తప్పుపట్టలేము.

ఇంతకన్న భయంకరమైన సంగతి మరొకటి ఉన్నది. డీజిలు ఇంజను వేగాన్ని అదుపులో ఉంచేది చిమ్మే ఇంధనపు కొలత ఒక్కటే. రింగులు బాగా అరిగి, క్రాంకు కేసు నుండి ఆయిలు ఎక్కువగా గాలిదారిలోనికి వస్తే, ఇంజను ఆ ఆయిలునే ఇంధనంగా కాల్చుకొని అదుపు తప్పి వేగం అందుకుంటుంది. తాళం తీసినా ఆగదు. గాలి రాకుండా మూసివేస్తే తప్ప, ఆయిలు అయిపోయేదాకో, ఇంజను ముక్కలయ్యేదాకో తిరుగుతూనే ఉంటుంది. ఓడ ప్రమాదం సందర్భంలో చెప్పిన మండే తుంపర మహిమ ఇదే.

ఇవన్నీ తలచి కొందరు యజమానులు గొట్టాన్ని దారి మళ్ళిస్తారు. పని కష్టమైనది కాదు. గాలిదారిలోనికి పోయే కొనను ఊడదీసి, ఆ రంధ్రానికి బిరడా బిగించి, గొట్టానికి మరికొంత గొట్టం అతికి, చట్రం వెంట వెనుకకు తీసుకుపోయి, క్రింద నేలవైపు వదిలివేస్తారు. కొన ఏటవాలుగా వెనుకకు కోయవలెనని తెలిసినవారు చెబుతారు. అనగా 1920 తరువాతి దశాబ్దంలో ఏ గొట్టం ఉండేదో సరిగా ఆ గొట్టమే తిరిగి వచ్చినదన్నమాట. టర్బో శుభ్రంగా ఉంటుంది. ఆ మేరకు యజమాని పొందిన లాభం నిజమైనదే.

కాని చిక్కు పోలేదు, చోటు మారినది. కూడలిలో బండి నిలిచినప్పుడు వెనుకకు లాగే గాలి లేనందున ఆ పొగ పైకి లేచి, డ్రైవరు కూర్చున్న చోటికే వాసనగా వస్తుంది. ఇంటి ముందు నిలిపితే నేలమీద ఆయిలు మరకలు పడతవి. గడ్డకట్టే చలిగల ప్రాంతాలలో పొడవైన గొట్టంలోని నీటి ఆవిరి మంచుగా పేరుకొని దారి మూసివేస్తుంది. అప్పుడు ఒత్తిడి పెరిగి, ఆయిలు సీళ్ళు నెట్టుకొని పోతవి. టర్బోను కాపాడబోయి ఇంజనునే పోగొట్టుకునే స్థితి వస్తుంది. నడుమ ఒక డబ్బా అమర్చి ఆయిలును అందులో పట్టేవారు కూడా ఉన్నారు. నీరూ ఆయిలూ కలసిన ఆ మడ్డిని మరవకుండా తీసివేస్తూ ఉంటేనే అది ఉపయోగం. అన్నిటికన్న పెద్ద సంగతి, రింగులు అరిగి పొగ ఎక్కువైన ఇంజనుకు గొట్టం త్రిప్పడం వైద్యం కాదు. రోగలక్షణం కంటికి దూరమైనంత మాత్రాన రోగం నయం కాదు.

బయటికి వదిలిన పొగ ఎవరికి చేరుతుందన్న ప్రశ్నకు బడిపిల్లల బస్సులలో జవాబు దొరికినది. అమెరికాలోని కొన్ని నగరాలలో డీజిలు బడి బస్సుల లోపలి గాలిని కొలిచి, ఆ ఫలితాలను 2005లో ప్రకటించినారు. పొగగొట్టానికి మంచి వడపోత సాధనం అమర్చినా బస్సు లోపలి సన్నని ధూళి ఆశించినంత తగ్గలేదు. కారణం వెదకితే, ఇంజను మూత క్రింద నోరు తెరచి ఉన్న బ్రీదరు కనిపించినది. ఆ బస్సులకు ఇంజను ముందుభాగాన ఉంటుంది. పిల్లలు ఎక్కడానికి ముందు తలుపు తెరిచినప్పుడల్లా ఆ పొగ లోపలికి చేరుతున్నది. బ్రీదరుకు కూడా వడపోత అమర్చిన తరువాతనే లోపలి ధూళి గణనీయంగా తగ్గినది. డీజిలు పొగ క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2012లో నిర్ధారించినదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

అప్పటికే చట్టం కదిలినది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2001 జనవరిలో ప్రకటించిన నిబంధనలు 2007 నాటి ట్రక్కులకు వర్తించినవి. పొగగొట్టపు ధూళి పరిమితిని అవి పదవ వంతుకు తగ్గించినవి. పెద్ద పొగ తగ్గగానే ఇంతకాలం లెక్కకు రాని చిన్న పొగ పెద్దదిగా కనిపించినది. టర్బో డీజిలుకు అంతవరకు ఉన్న మినహాయింపు రద్దయినది. బ్రీదరును మూసివేసి ఇంజనులోనికి పంపవలెను, లేదా అది విడిచే పొగను పొగగొట్టపు పొగతో కలిపి లెక్క చెప్పవలెను. ఆ దేశపు చట్టానికి 1990లో జరిగిన సవరణ ప్రకారం కర్మాగారం అమర్చిన కాలుష్య నివారణ సాధనాన్ని యజమాని తానే మార్చినా నేరమే అవుతుంది. పాతపద్ధతి పాటిస్తూ వచ్చిన కమిన్స్ పికప్పు ఇంజను కూడా 2007లో కొత్త రూపం దాల్చినప్పుడు, తన ఊపిరిని వడపోతగుండా లోపలికే త్రిప్పుకున్నది.

యజమాని ఫిర్యాదుకు కూడా ఇంజినీర్లు సమాధానం వెదకకపోలేదు. తుంపరలోని ఆయిలును వేరుచేసి, ఆయిలును ఆయిలు గదికీ, గాలిని గాలిదారికీ పంపగలిగితే ఇరుపక్షాల కోరికా తీరుతుంది. వడపోతలు అందుకు కొంత ఉపకరించినవి. అవి నిండినప్పుడు మార్చవలసి ఉంటుంది. ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో పెద్ద లారీలకు వచ్చిన మరొక సాధనం చరిత్రను తిరిగి పాలకేంద్రానికి తీసుకుపోయినది. స్వీడను దేశీయుడు గుస్టాఫ్ డి లావాల్ 1878లో పాల నుండి మీగడను ఎడతెగకుండా వేరుచేసే గిరగిర తిరిగే యంత్రం కనిపెట్టినాడు. కొంత కాలానికి దానిలో ఒకదానిపై ఒకటి పేర్చిన పలుచని శంఖువువంటి పళ్ళేలు చేరి దాని శక్తిని ఎంతో పెంచినవి. ఆ సంస్థ వారసులే అదే సూత్రంతో క్రాంకు కేసు పొగను గిరగిర త్రిప్పి, బరువైన ఆయిలు బిందువులను గోడకు విసిరి వేరుచేసే సాధనం తయారుచేసినారు. మన ఇండ్లలో కవ్వం చేసే పనికి దూరపు చుట్టమే లారీ ఇంజను పక్కన తిరుగుతున్నదని అనుకోవచ్చును.

ఐరోపా దేశాలలో 2013 నుండి అమలులోనికి వచ్చిన ఆరవ దశ నిబంధనలు కూడా బ్రీదరు పొగను లెక్కలోనికి తీసుకున్నవి. మన దేశంలో మెర్సిడిస్ బెంజి సహకారంతో జంషెడ్‌పూరులో లారీల తయారీ మొదలైనది 1954లో. నాటి నుండి నోరు తెరచిన బ్రీదరు మన రహదారులన్నిటా పరిచితమైన దృశ్యమే. ఐరోపా ఆరవ దశను అనుసరించిన భారత్ స్టేజి ఆరు నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా కొత్త వాహనాలకు వర్తించినవి. పాత లారీలు మాత్రం తమ పాత గొట్టాలతోనే తిరుగుతున్నవి.

ఈ చిన్న గొట్టపు కథను మొత్తంగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. గొట్టాన్ని ఎటు త్రిప్పినా లోపల పుట్టిన పొగ ఎక్కడికో ఒక చోటికి పోయే తీరుతుంది. నేలవైపు త్రిప్పితే దారిన పోయేవారికి, లోపలికి త్రిప్పితే టర్బోకు, డబ్బాలో పడితే ఆ డబ్బాను కడిగేవారికి అది చేరుతుంది. పొరుగువాని వాకిటిలోనికి చిమ్మిన చెత్త మన ఇంటి నుండి పోయినట్లే కనిపిస్తుంది గాని ఊరి నుండి పోదు. కాబట్టి ఇంజనుకు రింగులు సమయానికి మార్పించుకోవడం, ఆయిలును కొలత ప్రకారం పోసి గడువు ప్రకారం మార్చడం, బ్రీదరు వడపోతను శుభ్రంగా ఉంచడం అనే చిన్న పనులే ఈ సమస్యకు మొదటి మందు. పొగను పుట్టినచోటనే తగ్గించి, మిగిలినదానిని వేరుచేసి, దాని లెక్క తానే చెప్పుకునే ఇంజనును నిర్మించడానికి మనుష్యులకు దాదాపు ఒక శతాబ్దం పట్టినది. ఆ శతాబ్దపు అనుభవం గొట్టం విప్పబోయే చేతికి తెలిసి ఉండడం మంచిది.